నీటి గడి, రక్తపు గడి

అక్కకి లోకం రెండేసిగా కనిపించడం మొదలై పన్నెండు రోజులైంది.

మొదటి రోజు సూదిలో దారం ఎక్కించబోతే సూదికి రెండు బెజ్జాలు కనిపించాయి. లేని బెజ్జంలోకి పదిసార్లు దారం దూర్చింది. ముప్పై ఏళ్ళుగా దర్జీపని చేస్తున్న మనిషి. కళ్ళు మూసుకుని కాలరు కుట్టగలదని పేరు. "ఈ సూది చేసినవాడికెవడికో చెయ్యి జారింది, రెండు బెజ్జాలు పెట్టాడు" అని సూదినే తిట్టి పక్కన పడేసింది. సాయంత్రం బస్సు డ్రైవరు బావ డ్యూటీ దిగి ఇంటికి వస్తే గుమ్మంలో ఇద్దరు బావలు నిలబడ్డారు.

"ఒక్కణ్ణి ఇరవై ఆరేళ్ళు భరించాను. ఇద్దర్ని భరించడం నా వల్ల కాదు. మీలో ఎవరో ఒకరు వెళ్ళిపోండి" అంది.

బావ పగలబడి నవ్వాడు. నవ్వి, పెరట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కునే నెపంతో కుళాయి తిప్పి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రెండేళ్ళ కిందట అక్క రొమ్ములో గడ్డ తీశారు. మందులెక్కించారు. ఊడిన జుట్టు మళ్ళీ ఉంగరాలు తిరిగి మొలిచింది. 'పోయింది' అనే మాట ఇంట్లో ఎవరూ పైకి అనకుండా జాగ్రత్తపడ్డారు, అంటే విని తిరిగొస్తుందేమోనని. ఇప్పుడీ రెండేసి చూపు, పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి. తిరిగొచ్చిందా? వస్తే ఈసారి తలలోకే వచ్చిందా?

ఈ ప్రశ్న ఎవరినైనా అడగొచ్చు. తమ్ముణ్ణి మాత్రం అడగక్కర్లేదు. అతని బతుకంతా ఆ ప్రశ్నతోనే గడిచింది.

తమ్ముడిది పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగం. నేలమాళిగలో కిటికీ లేని గది. రోగుల వెన్నులోంచి తీసిన నీటిచుక్కలతో ఇరవై రెండేళ్ళు కాపరం చేశాడు కాబట్టి అందరూ చుక్కలాయన అంటారు. అతని కంటి గురించి ఆసుపత్రిలో చాలా కథలున్నాయి. ఒకసారి మైక్రోస్కోపులో ఒక కణాన్ని చూసి, "ఈ మనిషి చొక్కాకి రెండో గుండీ లేదు" అన్నాడట. వార్డుకెళ్ళి చూస్తే నిజంగానే లేదట. చుక్కలాయన ఆ కథని ఏనాడూ కాదనలేదు. గుండీ కాదు, జేబు అని మాత్రం సరిదిద్దేవాడు.

మెదడు, వెన్నుపాము నీళ్ళలో తేలుతుంటాయి. నీరంటే కుళాయి నీరు కాదు, ఒంట్లోనే ఊరే స్వచ్ఛమైన నీరు. జబ్బు ఆ నీటిలోకి దిగిందంటే దాని కణాలు అందులో ఈదుతుంటాయి. కానీ అవి మహా దొంగలు. ఒక్కోసారి నరాలని కరుచుకుని దాక్కుంటాయి, తీసిన నీటిలోకి రావు. అయితే దాక్కున్న దొంగకైనా చెమట పడుతుంది కదా, అలా ఆ కణాలూ నీటిలోకి ఒక పదార్థాన్ని వదులుతాయి. డాక్టర్లు దాన్ని మార్కర్ అంటారు. స్కానులో ఏదో మెరుపులాంటి గీత ఉందని, అది జబ్బో కాదో చెప్పలేమని తేలాక, నరాల డాక్టరమ్మ వెన్నునీరు తీయిద్దామంది. కణాలూ చూడాలి, మార్కరూ చూడాలి.

చుక్కలాయన ల్యాబులో ఒక నియమం ఉంది. అది పెట్టింది అతనే. సొంతవాళ్ళ నీరు సొంతవాళ్ళు ముట్టకూడదు. వెనకటికి ఒకాయన తన తండ్రి స్లైడు తానే చూసుకుని, ఏం కనబడాలని కోరుకున్నాడో అదే చూశాడు. అప్పట్నుంచీ ఈ కట్టడి. కాబట్టి అక్క నీరు కొత్తగా వచ్చిన కళ్ళజోడు పిల్ల చేతికి వెళ్ళింది. ఆ అమ్మాయి రక్తం సెక్షన్ నుంచి మారి రెండు నెలలైంది. పని నెమ్మది, చెయ్యి నిలకడ, కళ్ళజోడు మాత్రం ఎప్పుడూ ముక్కు చివరే.

పొద్దున ఎనిమిదింటికి సూది గుచ్చారు. నీరు మొరాయించింది. చుక్కకీ చుక్కకీ మధ్య బావ తన బస్సు కథ ఒకటి పూర్తి చేయగలిగాడు. బ్రేకులు ఫెయిలైతే కిటికీలోంచి తల పెట్టి గట్టిగా కోప్పడ్డాడట, బస్సు సిగ్గుపడి ఆగిందట. మంచం మీద ముడుచుకుని పడుకున్న అక్క, "నవ్వించకు, సూది వంగుతుంది" అని మూలిగింది. మూడు మిల్లీలీటర్లు వచ్చేసరికి ఇక చాలు బాబోయ్ అంది. ఆ గొట్టం నర్సు బల్ల మీద గంటన్నర కూర్చుంది. కిందికి మోసుకెళ్ళే మనిషిని ఎవరో ఆక్సిజన్ సిలిండర్ తెమ్మని పంపారు.

పదకొండున్నరకి చుక్కలాయన తన ల్యాబు తలుపు బయట తానే పరాయివాడిలా నిలబడి, చల్లారిన టీ తాగుతున్నాడు. లోపల్నుంచి కళ్ళజోడు పిల్ల కాగితం ఊపుకుంటూ వచ్చింది.

"స్లైడులో ఏం లేదు సార్. మార్కర్ మూడు పాయింట్ ఎనిమిది. అయిదు లోపు కదా, నార్మల్!"

కాగితం మీద మెషీన్ కూడా అదే అచ్చేసింది. నార్మల్.

ఆ ఒక్క మాట చదివాడతను. అంతకుమించి చదవలేదు. లిఫ్టు కోసం చూడకుండా నాలుగంతస్తులు మెట్లెక్కాడు. యాభై దాటిన మనిషి, ఆయాసంతో నోట మాట రాక, కాగితాన్ని జెండాలా పట్టుకుని వార్డులోకి వెళ్ళాడు. బావ అతన్ని అమాంతం ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. అక్క కొంచెం ఏడ్చి, "ఇద్దరు తమ్ముళ్ళూ మంచి కబురే తెచ్చార్రా" అంది. వార్డు చిన్నడాక్టరు కాగితం చూసి, తలనొప్పికి బిళ్ళలు రాసి, కళ్ళ డాక్టరుకి చూపించుకోమని, నెల తర్వాత రమ్మని డిశ్చార్జి చీటీ ఇచ్చేశాడు.

మధ్యాహ్నం రెండున్నరకి చుక్కలాయన ఈల వేసుకుంటూ తన కుర్చీలో కూర్చున్నాడు. అతని దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. కంప్యూటర్ వచ్చి పద్నాలుగేళ్ళయినా దాన్ని వదల్లేదు. స్కేలు పెట్టి గీసిన రెండు గళ్ళు. ఎడమ గడిలో నీటి మార్కర్, కుడి గడిలో అదే రోజు తీసిన రక్తపు మార్కర్. "సార్ డైరీ రాసుకుంటున్నారు" అని అందరూ ఆటపట్టిస్తారు. అతను ఎడమ గడిలో ఎంతో ముద్దుగా 3.8 అని వేశాడు.

"సార్, మీ అక్కగారి రక్తం కూడా వచ్చింది" అంది కళ్ళజోడు పిల్ల, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా. "రెండు పాయింట్ ఒకటి. ఇదీ నార్మలే. మీరివాళ అందరికీ టీ ఇప్పించాల్సిందే."

"ఇప్పిస్తా, ఇప్పిస్తా" అంటూ కుడి గడిలో 2.1 వేశాడు.

పెన్ను ఆగిపోయింది.

ముందు పేజీ చూశాడు. దాని ముందు పేజీ చూశాడు. రక్తపు గడి ఎప్పుడూ పెద్దది, నీటి గడి ఎప్పుడూ చిన్నది. ఈ మార్కర్ రక్తంలోంచి వెన్నునీటిలోకి సులువుగా దిగదు, మధ్యలో గట్టి కాపలా ఉంది. దిగినా నూరింట ఒకటో రెండో వంతు. రక్తంలో రెండుంటే నీటిలో సున్నా పక్కన చుక్క పెట్టి మరో సున్నా వెయ్యాలి. ఇక్కడ రక్తంలో రెండుంటే నీటిలో దాదాపు నాలుగు. నీరు రక్తాన్ని మించింది. అంటే అది రక్తంలోంచి దిగినది కాదు. లోపలే ఎవరో కూర్చుని తయారుచేస్తున్నారు.

"అమ్మాయ్, అయిదు లోపు నార్మలని నీకెవరు చెప్పారు?"

"మెషీనే సార్. హద్దు అందులోనే ఉంది కదా."

"అది రక్తానికి పెట్టిన హద్దు. మెషీనుకి నువ్వు నీళ్ళు పోశావో రక్తం పోశావో తెలీదు."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అయ్యో సార్... నేను..."

"నువ్వు కాదు. రెండు నెలల పిల్లవి, నీకేం తెలుసు? ఆ కాగితం నా చేతిలోకొచ్చింది. వేరే ఎవరిదైనా అయితే నిద్రలో లేపి చూపించినా పట్టుకునేవాణ్ణి. నేను దాన్ని తమ్ముడిలా చదివాను. ల్యాబువాడిలా చదవలేదు."

మాట పూర్తయ్యేసరికి అతను తలుపు దాటాడు. నరాల డాక్టరమ్మ నాలుగింటికి వేరే ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేది మూడు రోజులకి. అప్పటికి అక్క ఊపిరి పీల్చుకుని ఇంట్లో పడుకుని ఉంటుంది, లోపలున్నది మాత్రం పడుకోదు. కళ్ళ నరం పట్టింది, రేపు మింగే నరం పట్టొచ్చు, కాళ్ళ నరాలు పట్టొచ్చు. కాళ్ళు ఒకసారి పడిపోతే ఎంత మందు వేసినా లేవని సంగతి అతని నోటుబుక్కులో ఎన్నో పేజీలకి తెలుసు. కుట్టుమిషను తొక్కే కాళ్ళవి.

మెట్ల మలుపులోంచే ఫోన్ చేశాడు. రెండు ముక్కలు వినగానే డాక్టరమ్మ, "నీరూ రక్తమూ ఒకే రోజువా?" అంది.

"ఒకే రోజువి మేడమ్. స్లైడు ఖాళీ. కానీ నీరు మూడు మిల్లీలీటర్లే, పైగా గంటన్నర బల్ల మీద ఉంది."

"ఇంకేం ఉంటాయి కణాలు? చచ్చి కరిగిపోయుంటాయి. అంకె ఒక్కదాన్ని పట్టుకుని నేను వెన్నులోకి మందు ఎక్కించలేను చుక్కలాయనా. నాకు కణం కావాలి. ఆవిణ్ణి మూడున్నర లోపు బల్ల మీదికి తీసుకురండి."

వార్డులో మంచానికి కొత్త దుప్పటి పరిచేశారు. అతని పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ మూడంతస్తులు కిందికి పరుగు. గేటు దగ్గర వాలుదారిలో చక్రాల కుర్చీలో అక్క కనిపించింది, ఒళ్ళో సంచి పెట్టుకుని. బావ అప్పటికే ఒక కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఏమోయ్ బావమరిదీ, సాగనంపడానికి ఇంత ఆయాసపడాలా?" అన్నాడు బావ. తర్వాత అతని మొహం చూశాడు. తెరిచిన కారు తలుపుని మెల్లిగా మూశాడు.

"అక్కా, పొద్దున నేను తెచ్చిన కాగితం తప్పు."

ఇంకెలా చెప్పాలో అతనికి తెలియలేదు. చెప్పేశాడు. రెండు గళ్ళ సంగతి, మెషీన్ హద్దు సంగతి, బల్ల మీద కూర్చున్న గొట్టం సంగతి. చివర్న, "మళ్ళీ సూది గుచ్చాలి. ఇప్పుడే" అన్నాడు.

"గుచ్చడానికి నా వెన్నేమన్నా సూదుల దిండా?" అంది అక్క.

బావకి కోపం ముంచుకొచ్చింది. "పొద్దున ఎగురుకుంటూ వచ్చావు! ఎత్తి తిప్పాను నిన్ను! ఇప్పుడొచ్చి తప్పంటావా? నీ కన్ను గుండీలు కూడా చూస్తుందన్నారే, అంకె కనబళ్ళేదా?"

"కనబళ్ళేదు బావా."

"రేపు పొద్దున వచ్చి ఇదీ తప్పంటే?"

"అనను... అనొచ్చు కూడా. కణాలు దొరక్కపోవచ్చు. కానీ వెతక్కుండా ఇంటికి పంపితే ఈ జన్మకి నేను మైక్రోస్కోపు ముందు కూర్చోలేను."

బావ కారు మీద అరచేత్తో కొట్టాడు. డ్రైవరు ఉలిక్కిపడి అద్దం దించి, పరిస్థితి చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు.

అక్క ఇద్దరికేసీ చూసింది, ఆమె లెక్కన నలుగురికేసి. కాసేపు సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"పొద్దున ఎంత తీశారు?"

"మూడు."

"కావలసింది?"

"పది."

"మూడు మూరల గుడ్డ ఇచ్చి చొక్కా కుట్టమన్నట్టుంది. అంత తెలిసినవాడివి, చాలదని పొద్దునే ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు బాబోయ్ అన్నావు. నేను నియమమని పక్కకి తప్పుకున్నాను."

"నేను ప్రతిదానికీ బాబోయ్ అంటాను. పెళ్ళిలో కూడా అన్నాను, ఎవరైనా ఆపారా?" కుర్చీ చక్రాన్ని తానే వెనక్కి తిప్పింది. "పద. ఈసారి కొలత సరిగ్గా తీయించు. మూడోసారి గుచ్చుతానంటే మాత్రం ఆ సూది నీకే గుచ్చుతాను."

మూడూ అయిదుకి డాక్టరమ్మ తానే సూది గుచ్చింది. బావ ఈసారి బస్సు కథ చెప్పలేదు. అక్కే, "చెప్పవయ్యా, మధ్యలో ఆపేశావు, ఆ బస్సు సిగ్గుపడి ఏం చేసింది?" అంటే, "ఏం చేస్తుంది, తలుపులు మూసుకుంది" అన్నాడు. చుక్కలాయన మోకాళ్ళ మీద కూర్చుని గొట్టంలోకి చూస్తున్నాడు. నాలుగు. ఆరు. అక్క పళ్ళు బిగబట్టింది. ఎనిమిది. "ఇంకెంతరా?" "రెండు జానలు." పది. పదిన్నర.

గొట్టాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని, పైన రెండో చెయ్యి మూతలా మూసి, పిచ్చుకపిల్లని తీసుకెళ్తున్నట్టు మెట్లు దిగాడు. నాలుగు నిమిషాల్లో ల్యాబుకి చేరాడు. గుమ్మం దగ్గర ఆగి, గొట్టాన్ని కళ్ళజోడు పిల్లకి అందించాడు.

"సార్, మీరే చూడండి సార్. నాకు చేతులు వణుకుతున్నాయి."

"వణకనీ. పొద్దున నా కన్ను ఏం చేసిందో చూశావుగా. ఇవాళ దాన్ని నమ్మను. నువ్వు చూడు, నాకు చెప్పు."

నీటిని గిరగిరా తిప్పే మెషీన్ పది నిమిషాలు ఊళ పెట్టింది. రంగు వేసింది. ఆరబెట్టింది. చుక్కలాయన గది మూలకి వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డాడు, బడిలో శిక్ష పడ్డవాడిలా. తెల్ల పలకలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. వెనక స్టూలు కిర్రుమంది. మైక్రోస్కోపు మర చప్పుడైంది. పదిహేడు పలకలు. పద్దెనిమిది. ఒక పలకకి మూల విరిగింది. ఇరవై రెండేళ్ళలో అది తనెప్పుడూ చూడలేదు.

"సార్, చిన్నవి చాలా ఉన్నాయి. మామూలు తెల్లకణాలు."

"ఊఁ. జరుపుతూ పో."

ముప్పై ఒకటి. ముప్పై రెండు. దొరక్కూడదని తమ్ముడు, దొరకాలని ల్యాబువాడు, ఒకే చొక్కాలో ఇద్దరూ పెనుగులాడుతున్నారు.

స్టూలు కిర్రు ఆగింది.

"సార్... మీరొకసారి..."

"రాను. ఏం కనబడింది?"

"పెద్దవి. చుట్టూ ఉన్నవాటికి నాలుగింతలున్నాయి."

"ఒక్కటా?"

"మూడు. ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆ పక్కన ఇంకో అయిదు, గుంపుగా."

"కణం నడిమి గింజ?"

"నల్లగా ఉంది సార్. కణమంతా అదే ఉంది. అంచు వంకరగా..." ఆమె మర తిప్పింది. "ఒకటి రెండుగా చీలుతోంది సార్."

అతను గోడకి నుదురు ఆనించాడు. పలక చల్లగా తగిలింది. చూడక్కర్లేదు. ఆ పిల్ల మాటల్లోంచే స్లైడంతా కళ్ళకి కట్టింది.

"బాగా చూశావమ్మా" అన్నాడు. "డాక్టరమ్మని పిలువు. ఆవిడ కూడా చూసి సంతకం పెట్టాలి."

నాలుగుకి అయిదు నిమిషాలుండగా డాక్టరమ్మ భుజాన సంచితోనే కిందికొచ్చి, నిలబడే లెన్సులోకి చూసి, సంచి బల్ల మీద పెట్టేసింది. అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి ఇవాళ రావడం ఆలస్యమంది.

చుక్కలాయన ఈసారి పైకి పరిగెత్తలేదు. ఒక్కో మెట్టూ ఎక్కాడు. అక్క వెల్లకిలా పడుకుని ఉంది, బావ ఆమె పాదాలు పట్టుకుని.

"దొరికిందా?" అంది అక్క.

"దొరికింది అక్కా."

ఆమె కళ్ళు మూసుకుంది. కణతల మీదుగా నీళ్ళు జుట్టులోకి జారాయి. బావ దుప్పటిని ఆమె పాదాల మీదికి లాగాడు.

"అయితే ఇప్పుడేం చేస్తారు?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"వెన్నునీటిలోకే మందు ఎక్కిస్తారు. ఇవాళే మొదలు. పూర్తిగా పోతుందని డాక్టరమ్మ అనలేదు. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే దొరికింది, అది మంచిదంది."

"నువ్వేమంటావు?"

"నేనూ అంతే అంటాను. ఎక్కువ చెప్పను."

"మొదటిసారి నీ మాట నమ్మబుద్ధేస్తోందిరా" అంది అక్క.

మర్నాడు ల్యాబులో చుక్కలాయన చేసిన మొదటి పని, మెషీన్ చేత వెన్నునీటికి 'నార్మల్' అనే మాట అచ్చు వేయించడం మాన్పించడం. ఆ చోట ఇప్పుడు 'రక్తంతో కలిపి చదవాలి' అని వస్తుంది. రెండో పని, నోటుబుక్కులో కొత్త పేజీకి గళ్ళు గీయమని స్కేలు కళ్ళజోడు పిల్లకి ఇవ్వడం.

అక్క పేజీలో ఎడమ గడి మెల్లిగా దిగింది. మూడు పాయింట్ ఎనిమిది. వారానికి మూడు. రెండు వారాలకి ఒకటిన్నర. అయిదో వారం సున్నా పక్కన చుక్క వచ్చింది, చుక్క పక్కన ఆరు. ఆ అంకె కళ్ళజోడు పిల్లే వేసింది. చుక్కలాయన దాన్ని మూడుసార్లు చదివాడు. రక్తపు గడితో కలిపి మరోసారి చదివాడు. అప్పుడు పైకి వెళ్ళాడు.

మంచం పక్కన బావ చూపుడువేలు నిలబెట్టి అక్క మొహం ముందు ఆడిస్తున్నాడు. రోజూ పొద్దున అది వాళ్ళిద్దరి పరీక్ష. ఇన్నాళ్ళూ ఆమె రెండు అంటూనే ఉంది.

"ఎన్ని?"

అక్క చాలాసేపు చూసింది. తమ్ముడి వంక చూసింది. మళ్ళీ వేలి వంక చూసింది.

"రెండు."

బావ వేలు దిగిపోయింది. చుక్కలాయన గుండె జారి నేలమాళిగలో పడింది.

"గోళ్ళు" అంది అక్క. "రెండు గోళ్ళు పెరిగాయయ్యా నీకు, ఆ చేతికొకటీ ఈ చేతికొకటీ, కత్తిరించుకో. వేలు ఒకటే. మొగుడు కూడా ఒకడే మిగిలాడు. రెండోవాడే కాస్త నయంగా ఉండేవాడు."